వానొచ్చే దాకా కాపలా

మొన్న బళ్ళారి బస్సు దిగి ఒకాయన మా హోటల్లోకి వచ్చాడు. టీ ఇస్తే గ్లాసును తువ్వాలు కొసతో పట్టుకున్నాడు. కాలుతోందేమో అనుకున్నాను. తర్వాత చూస్తే వేళ్ళన్నీ తెల్లగా ఉన్నాయి. బొల్లి. చుట్టూ ఉన్నవాళ్ళకు కనబడకుండా తాగి, బస్సు హారన్ కొట్టగానే వెళ్ళిపోయాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా నేను ఆ బెంచీ వైపే చూస్తూ నిలబడ్డాను. మా తాత కూడా గ్లాసు అట్లాగే పట్టుకునేవాడు.

మా తాత అంటే నాకు చుట్టం కాదు. ఊరందరికీ తాతే. పేరు రాయను. రాస్తే ఆయన మనవడు మా హోటల్లో టీ తాగడం మానేస్తాడు. నేను చదివింది ఐదో తరగతి. ఆ తర్వాత నేను రాసిందల్లా పలక మీద ‘వేడి బోండా ఉంది’ అని. అందువల్ల ఇందులో తప్పులుంటే సర్దుకుని చదవండి.

తాత చేతులు మోచేతుల దాకా సున్నం తొట్టిలో ముంచి తీసినట్టు ఉండేవి. కింది పెదవి కూడా తెల్లగానే ఉండేది. చిన్నపిల్లలు ఆ చేతుల్ని పట్టుకుని ఊగేవాళ్ళు. పెద్దవాళ్ళకే భయం. ఎవరైనా “ఏం తాతా, బాగుండావా?” అంటే “ఇంగా ఉండానప్పా” అనేవాడు, ఉన్నందుకు ఏమీ అనుకోవద్దన్నట్టు.

ఆ భయానికి కారణం చెప్పాలి. బొల్లి ఉన్న మనిషిని పూడ్చిపెడితే ఊరికి వాన రాదని మా పక్క నమ్మకం. కాల్చాలట. తెలియక పూడ్చి ఉంటే, కరువొచ్చినప్పుడు తవ్వి తీసి కాలుస్తారు. అనంతపురం జిల్లాలో వాన ఎందుకు రాలేదని అడగడం, ఎండకు వేడి ఎవరు నేర్పారని అడగడం లాంటిది. కానీ అడక్కపోతే ఊళ్ళో పెద్దమనుషులకు పనేముంటుంది?

తాతకు వచ్చిన పని ఒక్కటే, గొర్రు తోలడం. శెనక్కాయ విత్తేటప్పుడు మగవాళ్ళు ఎద్దుల్ని తోలుతారు. ఆడవాళ్ళు గొర్రు వెనక నడుస్తూ దాని మీది చెక్క గిన్నెలో విత్తనాలు పోస్తారు. చేతి లెక్క తప్పితే పైరు ఒకచోట గుంపుగా, ఒకచోట బోడిగా వస్తుంది. తాత ముందు, అవ్వ వెనక. పెళ్ళయిన ఏటి నుంచి అంతే. మిగతా మగవాళ్ళు మాటిమాటికీ వెనక్కి తిరిగి “సరింగ పోస్తాండావా?” అని అరుస్తారు. తాత తిరిగి చూసేవాడు కాదు. ఒకసారి నేను అడిగితే, “చప్పుడు ఇనపడతాది కదమ్మా” అన్నాడు. విత్తనం గిన్నెలో పడే చప్పుడు. దానికి తోడు అవ్వ ఆయన్ను తిట్టే చప్పుడు. రెండూ కలిపి వినేవాడనుకుంటాను.

ఒక ఎండాకాలంలో అవ్వ చనిపోయింది. వాళ్ళ వంశంలో కాల్చే ఆచారం లేదు. సొంత చేనులోనే పూడ్చుకుంటారు. గట్టు మీద కానుగ చెట్టు కింద పూడ్చారు. తాత ఆ గుంత పక్కనే కొంచెం నేలను కాలితో చదును చేస్తూ ఉన్నాడు. అది మాజీ సర్పంచు చూశాడు. ఆయన సర్పంచుగా దిగిపోయి చాలా ఏళ్ళయింది, కానీ ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. మేమందరం మాజీ అంటాం. తాతకు వరసకు కొడుకవుతాడు. భుజం మీద చెయ్యి వేసి ఎంతో మర్యాదగా చెప్పాడు.

“పెద్దనాయనా, ఆ పక్క జాగా చూసుకోవద్దు. నిన్ను కాల్చాల్సి వస్తాది. రేపు తవ్వి తీసేదంటే మాకూ కష్టం, నీకూ కష్టం.”

మా ఊళ్ళో మర్యాదకు లోటు లేదు. చచ్చాక చెప్పాల్సిన మాట బతికి ఉండగానే చెప్పేశారు, అదీ పెళ్ళాన్ని పూడ్చిన మన్ను చేతులకు అంటుకుని ఉండగానే.

ఆ ఏడు ఆలస్యంగా చిన్న వాన పడి, విత్తడానికి పదును అయింది. తాత గొర్రు కట్టాడు. వెనక కోడలు విత్తనం పోస్తోంది. చేను మధ్యలో ఎద్దుల్ని ఆపి వెనక్కి తిరిగాడట. “నువ్వెవురమ్మా?” అని అడిగాడట. “నేను మామా, నీ కోడల్ని” అంటే కాసేపు ఆమె మొహంలోకి చూసి, పగ్గాలు కింద వదిలేసి కానుగ చెట్టు దగ్గరికి పోయి కూర్చున్నాడు. మళ్ళీ గొర్రు ముట్టుకోలేదు.

అప్పటి నుంచి ఒక్కొక్కటే వదిలేశాడు. స్నానం వదిలేశాడు. సంగటి ముద్ద ముందు పెడితే చూస్తూ కూర్చునేవాడు. టీ తాగి గ్లాసు కింద పెట్టి, “పాపా, టీ ఇయ్యలేదే?” అనేవాడు. వేరేవాళ్ళ చెప్పులు వేసుకుని వేరేవాళ్ళ అరుగు మీద కూర్చునేవాడు. కోడల్ని అవ్వ పేరుతో పిలిచేవాడు. అరవై దాటితే అరళు మరళు అంటారు, కన్నడం కలిసిన మా ఊళ్ళో. అంటే తెలివి తప్పడం. ఆ ఒక్క మాటతో ఊరంతా వైద్యం చేసేసింది. ఆయన ఏడ్చినా అరళు మరళే, తినకపోయినా అరళు మరళే, “నాకెందుకప్పా ఈ బతుకు” అన్నా అరళు మరళే. మర్చిపోయేవాడి మాటకు విలువేముంది?

ఒక మధ్యాహ్నం గొర్రెలు తోలుకొచ్చే అతను తాతను పాడుబడిన బావి గట్టు మీద చూశాడు. ఆ బావిలో నీళ్ళు చూసినవాళ్ళు మా ఊళ్ళో తక్కువ. “ఈడికెందుకొచ్చినావ్ తాతా?” అంటే “ఎందుకో వచ్చినానప్పా, మర్చిపోయినా” అన్నాడట. గొర్రెలతో పాటు తాతను కూడా తోలుకొచ్చాడు. ఇక వారం రోజులు మా హోటల్లో అదే నవ్వు. చావడానికి పోయి, చావాలన్న సంగతి మర్చిపోయి వచ్చినాడని. చావడానికి కూడా నీళ్ళు లేని జిల్లా అని. తాత ఆ బెంచీ మీదే కూర్చుని అందరితో పాటు కొంచెం నవ్వేవాడు, ఎవరి గురించో తెలియనట్టు.

అవి రైతులు చచ్చిపోతున్నారని జీపుల్లో ఆఫీసర్లు తిరిగే రోజులు. మా ఊరికీ ఒక జీపు వచ్చింది. కోడలు మామను ముందు నిలబెట్టి, ఈయన ఇట్లా చచ్చిపోతానంటున్నాడు, ఏం చేయాలని అడిగింది. పట్టా ఎవరి పేరు మీద ఉందని వాళ్ళు అడిగారు. కొడుకు పేరు మీద. అయితే ఈయన రైతు కాదన్నారు. రైతు కాకపోతే ఆయన బాధ వాళ్ళ శాఖలోకి రాదు. కొడుకేమో బళ్ళారిలో లారీ తోలుతూ సంతోషంగానే ఉన్నాడు. జీపు వెళ్ళిపోయింది.

నవ్వు ఆగింది మాజీకి ఆలోచన వచ్చిన రోజున. ఈ కరువులో ముసలాయన నిజంగానే చస్తే ఏం గతి? కాల్చాలని ఊరంటుంది. మా వంశంలో కాల్చేది లేదని కొడుకంటాడు. కొట్లాట. కొడుకు దొంగతనంగా పూడ్చేశాడో, ఇక వాన మాట మర్చిపోవచ్చు. కాబట్టి వానొచ్చే దాకా తాత చావకూడదని పంచాయతీలో తీర్మానమయింది. వీధికి ఇద్దరు చొప్పున కాపలా పెట్టారు.

ఆ కాపలా చూసి తీరాలి. ఏడాదిగా ఆయన గడప తొక్కనివాళ్ళు పొద్దున్నే మజ్జిగ చెంబుతో హాజరు. ఒకడు సంగటి కలిపి పెట్టేవాడు, ఒకడు తల దువ్వేవాడు. దొడ్డికి పోతే వెనకాల ఒకడు బీడీ కాలుస్తూ నిలబడేవాడు. తాత దగ్గితే నలుగురు లేచేవాళ్ళు. పెళ్ళికొడుకుకు కూడా మా ఊళ్ళో అంత మర్యాద జరగలేదు. కొత్తవాళ్ళు చూసి ఎంత మంచి ఊరో అనుకునేవాళ్ళు. మేమూ అట్లాగే అనుకోవడం మొదలుపెట్టాం.

కాపలా కుర్రాళ్ళు ఊరికే ఉండక ఒక పరాచికం ఆడేవాళ్ళు. “వానొచ్చే దాకా ఓర్చుకో తాతా. వానొచ్చినాక నీ ఇష్టం, ఇడ్సిపెడతాం” అని. తాత తల ఊపేవాడు.

కోడలికి మాత్రం ఈ కాపలా మీద నమ్మకం లేదు. ఆయన్ను బస్సెక్కించి అనంతపురం తీసుకుపోయింది. డాక్టరు చాలాసేపు మాట్లాడాడట. దిగులు కూడా ఒక జబ్బేనని, అది ముదిరితే మనిషి మతిని కూడా మేసేస్తుందని, మతిమరుపులో కొంత వయసుది, చాలా వరకు ఈ జబ్బుదేనని చెప్పాడట. మాత్రలు పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని, అంతవరకు ఒంటరిగా వదలొద్దని, చేనులోకి వాడే మందులూ అవీ ఇంట్లో ఆయనకు అందేలా ఉంచొద్దని అన్నాడట. ఇంకో మాట కూడా. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగమన్నాడట. అడిగితే లేని ఆలోచన పుట్టదని, ఉన్నది బయటికి వస్తుందని. కోడలు ఇదంతా ఊరికి చెప్పింది. ఒంటరిగా వదలొద్దన్న మాట ఒక్కటే ఊరికి వినబడింది. “అది మేం ముందునుంచీ చేస్తానే ఉండాం కదా” అన్నాడు మాజీ. డాక్టరు చదువుకున్నది తాను చదవకుండానే కనిపెట్టినట్టు మొహం పెట్టాడు.

తాత రోజూ నన్ను ఒకటే అడిగేవాడు, వానెప్పుడొస్తుందని. అడిగింది మర్చిపోయి మళ్ళీ అడుగుతున్నాడనుకునేదాన్ని. ఒకరోజు కాపలా కుర్రాళ్ళు బయట పులి-మేక ఆడుకుంటున్నారు. హోటల్లో మేమిద్దరమే. మళ్ళీ అడిగాడు.

“వాన సంగతి తెలిసుంటే నేను హోటలెందుకు పెట్టుకుంటా తాతా, జోస్యం చెప్పుకోనుండనా?” అన్నాను.

ఆయన నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, తువ్వాలు సర్దుకుని మెల్లగా చెప్పాడు.

“వానొస్తే మంచిదమ్మా. పదునులో ఊరంతా చేన్లల్లో ఉంటాది. అప్పుడు నేను పోతే కట్టెలు మోసే తీరిక ఎవురికీ ఉండదు. తడి కట్టెలు కాలవు గూడా. బిరబిరా దాని పక్కన పూడ్చేసి పనికి పోతారు.”

తాగిన టీ గుర్తులేని మనిషి ఈ లెక్క మాత్రం ఎక్కడా తప్పు లేకుండా కట్టాడు. మా ఊరు కరువంతా కాపలా కాస్తోంది. ఆయన ఎదురుచూస్తున్నది వాన కోసం.

వెంటనే పోయి మాజీకి చెప్పాను. ఆయన పకపకా నవ్వాడు. “నిన్న ఏం తిన్యాడో చెప్పలేడు ఆయప్ప. వానొచ్చే దాకా గుర్తు పెట్టుకుంటాడా? పోమ్మా, బోండాలు మాడిపోతాయి.” కోడలికి చెప్పాను. ఆమె నవ్వలేదు. చేనుకు కొట్టే మందు డబ్బాలన్నీ వేరే ఊరిలో తన అన్న ఇంట్లో పెట్టించింది. మాత్రలు తన చేత్తోనే మింగించేది.

ఆ తర్వాత ఒక తెల్లవారుజామున వాన కురిసింది. మంచి వాన. పొద్దున లేచేసరికి నేల మెత్తబడి, చేయి పెడితే వేళ్ళు దిగుతున్నాయి. పదునంటే తెలియనివాళ్ళకు చెప్తాను. మాది ఎర్రనేల. తడి ఎక్కువసేపు నిలవదు. ఆరేలోపల విత్తాలి. ఆ రెండు మూడు రోజులు పెళ్ళయినా వాయిదా, గొడవైనా వాయిదా. కాపలా సంగతి చెప్పేదేముంది? కుర్రాళ్ళు పులి-మేక గీతల మీదుగానే నడిచి చేన్లకు పోయారు.

కరువులో అందరూ ఎద్దుల్ని అమ్ముకున్నాక మంచి ఎద్దులు, గొర్రు మిగిలింది మాజీకే. ముందు ఆయన చేను, తర్వాత మిగిలినవాళ్ళవి. కోడలు విత్తనం పోయడానికి ఆయన చేనుకే పోవాలి. తాతను తెచ్చి నా బెంచీ మీద కూర్చోబెట్టి, “అక్కా, నువ్వే దిక్కు” అని పోయింది. నేను చేన్లకు పోయేవాళ్ళ క్యానుల్లో టీ పోస్తున్నాను. పోసి తిరిగి చూస్తే బెంచీ ఖాళీ.

పొయ్యి ఆర్పానో లేదో గుర్తులేదు. బురదలో పరుగెత్తాను. ఎక్కడికని వెతుక్కునే పని లేదు.

కానుగ చెట్టు కింద అవ్వ మట్టి పక్కనే కూర్చున్నాడు. కొమ్మల నుంచి కారే నీళ్ళకు ఒళ్ళంతా తడిసి ఉంది. ఒళ్ళో తువ్వాలు మూట. అందులో ఏముందో, ఎవరింటి నుంచి తెచ్చాడో ఇక్కడ రాయను. లాక్కుని నా వెనక పెట్టుకున్నాను. అప్పుడు డాక్టరు చెప్పాడన్న మాట గుర్తొచ్చింది.

“తాతా, సచ్చిపోదామని వచ్చినావా?”

ఆయన నా వైపు తిరిగాడు. ఇన్నాళ్ళలో ఈ మాట నవ్వకుండా అడిగినవాళ్ళు లేరనుకుంటాను.

“ఊఁ” అన్నాడు. తర్వాత, “భయంగానే ఉండాది పాపా” అన్నాడు.

పక్కన కూర్చున్నాను. ఇంటికి పోదాం రా అంటే కదలడు. వాన మళ్ళీ ఎప్పుడొస్తాదో, ఇప్పుడు తప్పితే తనను కాల్చేస్తారని అంటాడు. కాల్చరులే అంటే నువ్వు చెప్తే చెల్లదంటాడు. ఆ మాట నిజమే. నాది హోటలు, పంచాయతీ కాదు.

చేయి పట్టుకుని లేపాను. ఆ తెల్లటి చేయి చల్లగా, గట్టిగా ఉంది. అట్లాగే పట్టుకుని చేన్ల మీదుగా మాజీ దగ్గరికి నడిపించాను.

మాజీ గొర్రు తోలుతున్నాడు. వెనక కోడలు, ఇంకా ఇద్దరు ఆడవాళ్ళు విత్తనం పోస్తున్నారు. మమ్మల్ని, నా చంకలోని మూటను చూసి కోడలికి అర్థమయింది. చేయి ఆపేసింది. చప్పుడు ఆగింది. మాజీ వెనక్కి తిరిగి అరిచాడు.

“ఏమ్మా, నిలబడినావ్? పదును ఆరిపోతాంది.”

“మా మామని యాడ పూడుస్తావో చెప్పు బావా.”

“ఇప్పుడా ఆ మాట?”

“ఇప్పుడే. అది తేలేదాక ఒక్క గింజ పొయ్యను.”

మిగతా ఇద్దరూ విత్తనాల ఒడి మూసుకుని నిలబడ్డారు. మాజీ ఆకాశం చూశాడు. ఎండ వస్తోంది. నేల చూశాడు. ఎద్దులు తోకలు ఊపుతున్నాయి. ఏడాది పాటు పంచాయతీలో కూర్చుని, పెద్దల ఆచారమని, ఊరి క్షేమమని, దేశంలో వానలని ఎన్ని మాటలు చెప్పాడో. ఆ రోజు వాటిలో ఒక్కటి చెప్పడానికి కూడా ఆయనకు టైము లేదు.

“యాడో ఒకచోట పూడ్చుకోండమ్మా. ఎద్దులు నిలబడుకోనుండాయి.”

“యాడో ఒకచోట కాదు. మా అత్త పక్కన అను.”

“సరే, మీ అత్త పక్కనే. గొర్రు పట్టుకోని చెప్తాండా. పొయ్యమ్మా విత్తనం.”

గొర్రు పట్టుకుని చెప్పిన మాట తప్పితే పంట రాదంటారు మా పక్క. మా నమ్మకాల్లో ఒక్కటైనా ఇంత అక్కరకొస్తుందని నేను అనుకోలేదు.

తాత అంతా విన్నాడు. మాజీ వైపు, కోడలి వైపు చూశాడు.

“అట్లయితే ఇంగ తొందరేముండాది” అన్నాడు.

ఆ తర్వాత గొర్రు వెనక గీతను తల వంచి చూసి, సాలు వంకర పోయిందని మాజీకి చెప్పాడు.

ఆ ఒక్క మాటతో ఆయన దిగులంతా పోయిందని రాస్తే అబద్ధం. మళ్ళీ అనంతపురం పోయారు. మాత్రలు మార్చారు. తిననని మొండికేసిన రోజులున్నాయి, కోడలు ఎదురుగా కూర్చుని తినిపించిన రోజులున్నాయి. నెలలు పట్టింది. మెల్లగా మనిషి వెనక్కి వచ్చాడు. కొంత జ్ఞాపకం కూడా వచ్చింది. వచ్చి మాకు చిక్కు తెచ్చింది. బావి సంగతి చెప్పుకుని ఎవరెవరు నవ్వారో ఒక్కొక్కరి పేరూ గుర్తొచ్చింది. పొద్దున్నే బెంచీ మీద కూర్చుని, వచ్చినవాడినల్లా “ఏమప్పా, ఆ పొద్దు బాగా నవ్వితివే” అని పలకరించేవాడు. కొందరు టీ సగంలో వదిలి పోయేవాళ్ళు.

కొన్ని మాత్రం తిరిగి రాలేదు. ఆ వాన రోజు జ్ఞాపకం అసలు రాలేదు. కానుగ చెట్టు కింద కూర్చున్నది గుర్తులేదు, మాజీ ఇచ్చిన మాట గుర్తులేదు. రోజూ టీ తాగి కొంచెం దిగులుగా అడిగేవాడు, “పాపా, నన్ను యాడ పూడుస్తారో?” అని. “అవ్వ పక్కనే తాతా” అనేదాన్ని. “ఎవురన్యారు?” “మాజీనే అన్యాడు.” అప్పుడు ఆ మొహం చూడాలి. ప్రతి రోజూ అప్పుడే తెలిసినట్టు వెలిగిపోయేది.

నా మాట చాలక మాజీ కనిపిస్తే ఆయన్నూ అడిగేవాడు. మొదట మాజీ విసుక్కునేవాడు. తప్పించుకుని చుట్టుదారిలో పోయేవాడు. రెండేళ్ళు గడిచేసరికి తాత నోరు తెరవకముందే, బస్సు దిగుతూనే, “పెద్దమ్మ పక్కనే పెద్దనాయనా” అని చెప్పి బెంచీ మీద కూర్చునేవాడు. ఊళ్ళో పిల్లలకు కూడా అది వచ్చేసింది. కొన్నాళ్ళకు అది ఎవరో బలవంతాన ఇప్పించిన మాట అని అందరూ మర్చిపోయారు. మా ఊరి ఆచారమే అది అనుకున్నారు.

తాత వయసు తీరి, ఒక పగటి నిద్రలో పోయాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. విత్తనాలు మూటల్లోనే ఉన్నాయి. పాడె వెనక నడుస్తూ నేను మాజీ వైపే చూస్తున్నాను. కోడలు కూడా ఆయన వైపే చూస్తోంది. నోటి మాటే కదా, ఎప్పుడైనా ఎగిరిపోవచ్చు.

దింపుడు కళ్ళం దగ్గర పాడె దించారు. ప్రాణం ఏ మూలైనా ఉందేమోనని అక్కడ చెవిలో పేరు పెట్టి పిలుస్తారు. కొడుకు వంగి పిలిచాడు. తర్వాత మాజీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అందరూ పేరు పిలుస్తాడనుకున్నారు. ఆయన ఆ తెల్లటి చేతి మీద చేయి వేసి, చెవి దగ్గరికి వంగి చెప్పాడు.

“పెద్దమ్మ పక్కనే పెద్దనాయనా.”